పండగ సెలవుకు పై అధికారి దయ ఎందుకు?

సంపాదకులకు,

ఏడాది చివర్లో ప్రభుత్వం వచ్చే ఏటి సెలవుల జీవో ఇవ్వగానే మీతో సహా అన్ని పత్రికలూ పట్టిక వేస్తాయి. ఏ పండగ ఏ వారం వచ్చింది, ఏది ఆదివారంలో కొట్టుకుపోయింది, శుక్ర, శని, ఆదివారాలు ఎక్కడ కలిసొస్తున్నాయి... జనం చూసేది అంతవరకే. నేనూ అదే చూస్తాను. అయితే ఆ జీవోలో పట్టికతో పాటు నాలుగైదు పేరాలు ఉంటాయి, ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో పనిచేసినవాళ్లం తప్ప వాటిని చదివేవాళ్లు తక్కువ. అందులో ఒకటి ఐచ్ఛిక సెలవుల గురించి. సారాంశం ఇది: ఉద్యోగి ఏడాదికి ఐదుకు మించకుండా ఐచ్ఛిక సెలవులు వాడుకోవచ్చు, పండగ ఏ మతానిదన్న పట్టింపు లేదు, ముందుగా రాతపూర్వకంగా అడగాలి, సీఎల్ (క్యాజువల్ లీవు) మంజూరు చేసే అధికారే వీటినీ మామూలుగా మంజూరు చేస్తారు, కానీ ప్రభుత్వ పని అవసరాల వల్ల ఫలానా ఉద్యోగి ఉండి తీరాలని అనుకుంటే ఇవ్వకపోవచ్చు.

ఆ చివరి 'కానీ' మీదే నా గొడవంతా.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. మన రెండు రాష్ట్రాల సెలవుల జాబితా చెడ్డదేం కాదు. రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాదున్నబీ, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ అన్నీ సాధారణ సెలవులే, ఎవరినీ అడగక్కర్లేదు. ఇక ఐచ్ఛిక జాబితా చూస్తే, దాన్ని మొదట తయారుచేసిన పాతతరం వాళ్లెవరో గానీ శ్రద్ధ ఉన్నవాళ్లు అనిపిస్తుంది. షబే మేరాజ్, షబే బరాత్ ఉన్నాయి, పార్సీల నూతన సంవత్సరం ఉంది, బసవ జయంతి ఉంది. తెలంగాణ జాబితాలో షియాల కోసం అర్బయీన్ ఉంది, మహదవీల కోసం సయ్యద్ మహమ్మద్ జౌన్‌పురి జయంతి కూడా ఉంది. హైదరాబాద్‌లో చంచల్‌గూడ వైపు తిరిగినవాళ్లకు తప్ప మహదవీలు అనే వర్గం ఒకటుందని చాలామందికి తెలియదు, జీవో రాసినవాళ్లకు తెలుసు. జాబితాలో చోటైతే దొరికింది. ఆ రోజు ఇంట్లో ఉండే హామీ మాత్రం దొరకలేదు.

బౌద్ధులు, జైనుల సంగతి ఇంకా విడ్డూరం. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు దేశమంతటా తప్పనిసరిగా ఇచ్చే 14 సెలవుల్లో బుద్ధ పూర్ణిమ, మహావీర్ జయంతి రెండూ ఉన్నాయి. మన రాష్ట్ర కార్యాలయాలకు వచ్చేసరికి ఆ రెండూ ఐచ్ఛిక జాబితాలోకి జారాయి. హైదరాబాద్‌లో ఒకే రోడ్డు మీద కేంద్ర ఆఫీసులో పనిచేసే జైనుడు మహావీర్ జయంతి నాడు ఇంట్లో ఉంటాడు, ఎదురుగా రాష్ట్ర ఆఫీసులో పనిచేసే అతని తమ్ముడు ముందే లెటర్ పెట్టుకుని, సార్ మూడ్ బాగుంటే ఇంట్లో ఉంటాడు. అమరావతి స్తూపం, నాగార్జునకొండ, బావికొండ, తొట్లకొండ అంటూ పర్యాటక శాఖ బ్రోచర్లలో బుద్ధుణ్ని ముందు పెట్టుకునే ప్రాంతం మనది. బుద్ధ పూర్ణిమ నాడు బౌద్ధుడైన అటెండర్‌కు ఆఫీసుకు రాకుండా ఉండే హక్కు లేదు.

జాబితాకే ఎక్కని పండగలూ ఉన్నాయి. ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. గోండుల్లో మెస్రం వంశీయులకు అది తప్పించుకోగలిగిన వేడుక కాదు, కొత్త కోడళ్లను దేవుడి ముందు పరిచయం చేసేది ఆ రోజే. కలెక్టర్ స్థానిక సెలవు ఇస్తే అది ఆ జిల్లాలో పనిచేసేవాళ్లకే. సంగారెడ్డిలోనో సూర్యాపేటలోనో పనిచేసే గోండు టీచర్ తన సీఎల్ తగలేసుకోవాల్సిందే. మరోవైపు బంజారా ఉద్యోగుల కోసం 2025లో తెలంగాణ ప్రభుత్వం సేవాలాల్ మహరాజ్ జయంతికి ప్రత్యేక క్యాజువల్ లీవు ఇచ్చింది. అంటే తలచుకుంటే మార్గం దొరుకుతుంది. కాకపోతే అది కూడా ఆ ఏటి ఉత్తర్వే. వచ్చే ఏడాది మళ్లీ ఎవరో గుర్తుచేయాలి, ఎవరో సచివాలయం చుట్టూ తిరగాలి.

ఆఫీసులో ఇది ఎలా నడుస్తుందో బయటివాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఉద్యోగి లెటర్ పెడతాడు. దాన్ని ఎవరూ తిరస్కరించరు. అదే అసలు చిక్కు. కాగితం మీద 'ఇవ్వబడదు' అని ఎవరూ రాయరు, 'చూద్దాం' అంటారు. ముందు రోజు సాయంత్రం దాకా లెటర్ సార్ టేబుల్ మీదే ఉంటుంది, సార్ మీటింగ్‌లో ఉంటారు. ఆ పూట ఆ ఉద్యోగి పడే టెన్షన్ చూడాలి. రాకపోతే ఆబ్సెంట్ పడుతుందేమో, వస్తే ఇంట్లో ముసలి తల్లికి ఏం చెప్పాలి, వద్దు అన్నారో ఊ అన్నారో తేలదు. ఇప్పుడు ఫేస్ అటెండెన్స్ యాప్‌లు వచ్చాక పాత సర్దుబాట్లు కూడా పోయాయి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక జూనియర్ అసిస్టెంట్ షబే బరాత్‌కు లెటర్ పెడితే అప్పటి అధికారి అన్న మాట నాకు బాగా గుర్తు: "మీకు రంజాన్ ఇచ్చాం, బక్రీద్ ఇచ్చాం, మళ్లీ ఇదొకటా?" ఆయన చెడ్డ మనిషి కాదు, పిల్లాడి పెళ్లికి అప్పు కావాలంటే తన పూచీ మీద ఇప్పించిన మనిషే. ఆయన మనసులో లెక్క అలా ఉంది, ఇదంతా తాము ఇస్తున్నదీ, వాళ్లు తీసుకుంటున్నదీ అని. సంక్రాంతి సెలవులు మాకు ఎవరు 'ఇచ్చారు' అని మాకెవరికీ ఎప్పుడూ అనిపించలేదు.

పని అవసరం అనే వాదన ఎక్కడ గట్టిగా నిలుస్తుందో చూడండి. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం నాడు మా సెక్షన్లో ఆడవాళ్లందరూ ఒకేసారి ఐచ్ఛిక సెలవు అడిగేవారు. అక్కడ నిజంగానే ఆఫీసు ఖాళీ అవుతుంది, బిల్లులు ఆగుతాయి, ఆ రోజు ఎవరిని ఉంచాలి అన్నది నిజమైన సమస్య. అయినా ఆ రోజు సెలవులు దొరికేవి, ఎందుకంటే మంజూరు చేసే అధికారి ఇంట్లోనూ వ్రతమే. ఆఫీసు మొత్తానికి ఒక్కడే పార్సీ, ఒక్కతే జైన అమ్మాయి, ఇద్దరో ముగ్గురో ముస్లింలు ఉన్నచోట, వాళ్లొక రోజు రాకపోతే ఆగిపోయే ప్రభుత్వ పని ఏమిటో ముప్ఫై ఏళ్లకు పైగా సర్వీసులో నాకైతే కనపడలేదు. వాళ్లకు సీఎల్ పెట్టుకుని జ్వరం అని రాస్తే మంజూరవుతుంది, పండగ అని నిజం రాస్తే 'పని ఉంది' అనే మాట వస్తుంది. మనుషుల చేత అబద్ధం రాయించే నిబంధన అది.

ఆసుపత్రులు, ఆర్టీసీ, కరెంటు, పోలీసు, ఇరవై నాలుగు గంటలూ నడిచే చోట్ల ఈ పని ఇప్పటికే మనుషులే చక్కబెట్టుకుంటున్నారు. మా చెల్లెలు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసింది. దసరాకు క్రైస్తవ సిస్టర్లు డ్యూటీ తీసుకునేవారు, క్రిస్మస్‌కు హిందూ సిస్టర్లు తీసుకునేవారు, రంజాన్ నాడు ఇద్దరూ కలిసి మూడో ఆమెను పంపేవారు. ఏ జీవో చెప్పలేదు. హెడ్ నర్సు డ్యూటీ చార్ట్‌లో పేర్లు కొట్టేసి పక్కన రాసుకునేది, అంతే. చాలా బాగా నడిచింది, హెడ్ నర్సు మారేదాకా. కొత్తగా వచ్చినామె "చార్ట్‌లో కొట్టివేతలు నాకు కుదరవు" అంది, ఆమె తప్పూ లేదు, రేపు ఏదైనా అయితే ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారని అడిగేది ఆమెనే కదా. రాతలో లేని ఏర్పాటు మనిషితో పాటే పోతుంది.

కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్ల గురించి రెండు మాటలు. సెలవుల జీవోలోనే ఇంకో పేరా ఉంటుంది, ప్రభుత్వ రంగ సంస్థలు, పారిశ్రామిక యూనిట్లు, పనుల శాఖల్లో వర్క్‌చార్జ్‌డ్ సిబ్బంది (ఆ పని నిధుల నుంచే జీతం తీసుకునేవాళ్లు), విద్యాసంస్థలకు ఇవి వాటంతటవే వర్తించవు, ఆయా శాఖలు విడిగా ఉత్తర్వులు ఇస్తాయి అని. ఇక ఏజెన్సీ ద్వారా వచ్చిన డేటా ఎంట్రీ ఆపరేటర్‌కు, స్వీపర్‌కు ఐచ్ఛిక సెలవు అడిగే ధైర్యం ఎక్కడిది? రాని రోజుకు జీతం కోత. పండగ చేసుకోవాలంటే కూలి వదులుకోవాలి.

ఏటా రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులను ఒక గంట ముందు, నాలుగింటికే వెళ్లనిచ్చే ఉత్తర్వు వస్తుంది. ఉమ్మడి రాష్ట్రం నాటి ఆనవాయితీ ఇది. 2025లో తెలంగాణ ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ కూడా ఇచ్చింది, ప్రతిసారీ రాగానే టీవీల్లో గోల. మరి అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు ఏదీ, నవరాత్రులకు ఏదీ అని. నా ఉద్దేశంలో ఆ ప్రశ్న తప్పు కాదు, అడిగే తీరే తప్పు. మాల వేసుకున్న ఉద్యోగి పూజకు ఒక గంట ముందు వెళ్తానంటే అతనికీ ఇవ్వాలి. ఇద్దరికీ ఒకే నిబంధన కింద ఇవ్వాలి, ఆ గంటను వేరే రోజు పనిచేసి తీర్చమనాలి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1978 నుంచి ఇలాంటి చట్టమే ఉంది, మతపరమైన ఆచారానికి పని మానాల్సి వస్తే ఆ గంటలు ముందో తర్వాతో ఎక్కువ పనిచేసి సరిచేసుకోవచ్చు. ఏ మతమన్న ప్రశ్నే లేదు. మనవాళ్లు అక్కడ ఫెడరల్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఉగాదికి దాన్ని వాడుకోవచ్చు. ఏటేటా ఒక వర్గం పేరుతో విడి ఉత్తర్వు ఇవ్వడం వల్లే కదా అది ప్రతిసారీ రాజకీయం అవుతున్నది.

అమెరికా మాట వచ్చింది కాబట్టి. దీపావళిని పెన్సిల్వేనియా 2024లో, కనెక్టికట్ 2025లో రాష్ట్ర గుర్తింపు ఉన్న పండగ చేశాయి. 2025 అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ కూడా అలాంటి బిల్లు మీద సంతకం చేశారు, 2026 జనవరి 1 నుంచి అమలు. అక్కడ ఆఫీసులు మూసేయరు, కావాలనుకున్న రాష్ట్ర ఉద్యోగి ఆ రోజు సెలవు తీసుకోవచ్చు. మన ఐచ్ఛిక సెలవు లాంటిదే, కాకపోతే చట్టంలో రాసి ఉంది. ఆ వార్త వచ్చిన రోజు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండా దీపాలే. మన పిల్లలు అక్కడ మైనారిటీ, వాళ్ల పండగను పరాయి ప్రభుత్వం గుర్తిస్తే మనకు కడుపు నిండింది. న్యాయమే. అదే గ్రూపులో రంజాన్ గంట గురించి ఏమేం రాశారో ఇక్కడ రాయను, మీరు ఎలాగూ అచ్చు వేయరు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, తమిళనాడు ప్రభుత్వ సెలవుల జాబితా తీసి చూడండి, 'తెలుగు సంవత్సరాది' అని ఉగాదికి సాధారణ సెలవు. అక్కడ మనం మతంలో కాదు, భాషలో మైనారిటీ. అయినా చెన్నైలో తెలుగు క్లర్కు ఉగాది పచ్చడికి ఎవరి సంతకం కోసం ఎదురుచూడక్కర్లేదు.

కోర్టుకు వెళ్తే ఏమవుతుంది అని అడగొచ్చు. ఏమీ కాదు. దాద్రా నగర్ హవేలీలో ఆగస్టు 2 విమోచన దినం సెలవు తీసేశారని ఒకాయన వేసిన కేసులో 2022లో బొంబాయి హైకోర్టు తేల్చేసింది, ఫలానా రోజును సెలవుగా ప్రకటించమని అడిగే హక్కు ఎవరికీ లేదు, అది ప్రభుత్వ విధాన నిర్ణయం అని. పైగా మన దేశంలో సెలవులు ఎక్కువైపోయాయేమో, తగ్గించే వేళ వచ్చిందేమో అని కూడా వ్యాఖ్యానించింది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించే స్వేచ్ఛ ఇచ్చింది గానీ ఆ రోజు ఆఫీసుకు రాకపోయినా జీతం ఇవ్వాలని చెప్పలేదు. సర్వీసు రూల్స్‌లో ఫండమెంటల్ రూల్ 67 అయితే మొదటి మాటగానే చెబుతుంది, సెలవును హక్కుగా అడగడానికి వీల్లేదని. ఇక్కడే ఒక మెలిక ఉంది, పేరుకు ఐచ్ఛిక సెలవులు ప్రభుత్వ సెలవు దినాల జాబితాలో ఉంటాయి, మంజూరుకు వచ్చేసరికి వాటిని లీవు లాగా చూస్తారు. అటు హాలిడే కాదు, ఇటు లీవు ఖాతాలోనూ ఉండదు. ఇంకో చోద్యం, మన దగ్గర ఫ్యాక్టరీలు, దుకాణాలు, ఇతర సంస్థల కార్మికులకు పండగ సెలవులు ఇవ్వాలని 1974లోనే శాసనసభ చట్టం చేసింది. బీడీ ఫ్యాక్టరీ యజమానిని కట్టడి చేయడానికి చట్టం ఉంది, ప్రభుత్వం తనను తాను కట్టడి చేసుకోవడానికి ఏటా ఒక జీవో చాలనుకుంది.

చిన్న ఉద్యోగుల సంగతి అటుంచండి. 2015లో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తుల సదస్సును గుడ్ ఫ్రైడే రోజుల్లో పెట్టారు. అప్పుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ కురియన్ జోసెఫ్ అది సరికాదని ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. సదస్సు జరిగింది, మారలేదు. దేశంలో అత్యున్నత న్యాయస్థానంలో కూర్చున్న మనిషికే ఇలా ఉంటే, గుడ్ ఫ్రైడే నాడు వీడియో కాన్ఫరెన్సు పెడితే లింకులోకి రాకుండా ఉండే ధైర్యం మండల ఆఫీసు టైపిస్టుకు ఉంటుందా? సాధారణ సెలవు రోజైనా ఇది జరుగుతుంది. ఇక ఐచ్ఛిక సెలవు రోజున శిక్షణ తరగతి, పరీక్ష డ్యూటీ, ఎన్నికల ట్రైనింగ్ పెట్టేటప్పుడు ఎవరైనా ఆ జాబితా తీసి చూస్తారా? చూడగా నేను చూడలేదు.

ఇటలీలో చూస్తారు. అక్కడ 1989లో యూదు సమాజంతో చేసుకున్న ఒప్పందాన్ని చట్టం చేశారు. యూదు ఉద్యోగి, ప్రభుత్వంలో ఉన్నా ప్రైవేటులో ఉన్నా, అడిగితే శనివారం విశ్రాంతి అతని హక్కు. పోయిన గంటలను ఆదివారమో మరో రోజో అదనపు జీతం లేకుండా పనిచేసి తీర్చాలి. అత్యవసర సేవలకు మినహాయింపు ఉంది. ఉద్యోగ పోటీ పరీక్షల తేదీలు ఖరారు చేసేటప్పుడు శనివారం సంగతి దృష్టిలో పెట్టుకోవాలని కూడా అందులోనే రాశారు. 2012లో హిందువులతోనూ అలాంటి ఒప్పందం చట్టమైంది, దీపావళికి గుర్తింపు వచ్చింది. కెనడాలో క్యూబెక్‌లోని షాంబ్లీ అనే చోట యూదు ఉపాధ్యాయులు యోమ్ కిప్పూర్ నాడు జీతం లేని సెలవు ఎందుకు పెట్టుకోవాలని కోర్టుకెళితే 1994లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది వినదగ్గది: బడి క్యాలెండర్ పైకి అందరికీ ఒకటే, కానీ క్రైస్తవుల పండగలు అందులో ముందే సెలవులుగా ఉన్నాయి, కాబట్టి మిగతావాళ్లు మాత్రమే తమ పండగకు డబ్బు కట్టుకుంటున్నట్టు. సర్దుబాటు చేయడం యాజమాన్యం బాధ్యత అని తీర్పు. మన ఆఫీసుల్లో ఈ మాట అర్థం చేయించడానికి నాకు సర్వీసంతా సరిపోలేదు.

అయితే విదేశాల నమూనా మొత్తం ఎత్తుకొచ్చి పెట్టకూడదు. ఆస్ట్రియా చేసిన పని చూడండి. అక్కడ ఎక్కువమంది క్యాథలిక్కులు, గుడ్ ఫ్రైడే సాధారణ సెలవు కాదు. ప్రొటెస్టెంట్లు, ఓల్డ్ క్యాథలిక్కులు, మెథడిస్టులకు మాత్రం ఆ రోజు జీతంతో సెలవు, పనిచేస్తే అదనపు జీతం. ఏ చర్చికీ చెందని ఒక ఉద్యోగి 2015 గుడ్ ఫ్రైడే నాడు పనిచేసి, నాకెందుకు ఇవ్వరని కేసు వేశాడు. 2019 జనవరిలో యూరోపియన్ యూనియన్ కోర్టు ఇది మతం పేరుతో వివక్షే అంది. ప్రభుత్వం ఏం చేసింది? అందరికీ ఇస్తుందనుకుంటాం. ఆ సెలవునే తీసేసి, 'వ్యక్తిగత సెలవు దినం' అని ఒకటి పెట్టింది. ఉద్యోగి మూడు నెలల ముందు రాసిస్తే ఆ రోజు ఖాయం, కారణం చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజు అతని వార్షిక సెలవుల్లోంచే పోతుంది! ఉన్న పండగ పోయింది, సొంత జేబులోంచి తీసి తిరిగి చేతిలో పెట్టారు. ప్రొటెస్టెంట్లు మండిపడ్డారు, పడరా మరి.

ఆస్ట్రియా కేసులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. సెలవును మతం సర్టిఫికెట్‌తో ముడిపెట్టకూడదు. ఇది మన తెలుగు నేల మీద ఎంత సున్నితమైన విషయమో చెప్పక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్లకే. కాగితం మీద హిందువుగా ఉండి ఆదివారం చర్చికి వెళ్లే ఉద్యోగులు గుంటూరు నుంచి ఖమ్మం దాకా ప్రతి ఆఫీసులో ఉన్నారు, అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. రేపు 'క్రైస్తవ ఉద్యోగులకు ఫలానా రోజు సెలవు' అని మతం పేరుతో హక్కు రాసి, లెటర్‌తో పాటు డిక్లరేషన్ అడిగారనుకోండి, ఆ మనిషి సెలవు అడిగిన పాపానికి ఉద్యోగమే పోయే కేసులో ఇరుక్కుంటాడు. పడనివాళ్లు ఆ కాగితం జిరాక్స్ తీసి పెట్టుకుంటారు. అందుకే మన జీవోలో 'పండగ ఏ మతానిదైనా' అనే మాట ఉండడం చాలా గొప్ప సంగతి, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. హక్కు రోజుకు ఉండాలి. మనిషి మతం ఆఫీసుకు అనవసరం.

కాబట్టి నేను అడుగుతున్నది ఇంకో సాధారణ సెలవు కాదు. ఒక్క ఆఫీసు కూడా అదనంగా మూయక్కర్లేదు. ఉన్న ఐదు ఐచ్ఛిక సెలవుల్లో రెండింటిని ఉద్యోగి జనవరిలోనే రాసిచ్చే వీలుండాలి, ఆ రెండు రోజులను తిరస్కరించడానికి వీల్లేదని ఉద్యోగుల నిబంధనలు చేసే అధికారమిచ్చే రాజ్యాంగం 309వ అధికరణం కింద సర్వీసు రూల్స్‌లో చేర్చాలి. నెలవంకను బట్టి తేదీ మారే పండగలకు తేదీ దానంతటదే జరగాలి, మళ్లీ లెటర్ అక్కర్లేదు. రంజాన్, బక్రీద్‌ల విషయంలో ప్రభుత్వం ఇప్పటికే 'తేదీ మారితే టీవీలో, పత్రికల్లో చెబుతాం, విడి ఉత్తర్వుల కోసం చూడొద్దు' అంటుంది కదా, అదే పద్ధతి. నాగోబా జాతర లాంటి జాబితాలో లేని రోజును కూడా ఉద్యోగి రాసుకోగలగాలి. అత్యవసర సేవల్లో నిజంగా కుదరకపోతే కారణం కాగితం మీద రాసి, పై స్థాయి అధికారి సంతకం చేసి, నెలలోపు బదులు రోజు ఇవ్వాలి. కారణం రాయాలనేసరికి సగం తిరస్కరణలు మాయమవుతాయని నా అనుభవం చెబుతోంది, నోటితో 'చూద్దాం' అనడం తేలిక, సంతకంతో అనడం కష్టం. డ్యూటీ మార్పిడికి ఒక ఫారం పెడితే హెడ్ నర్సులకు కొట్టివేతల బాధ ఉండదు. అవుట్‌సోర్సింగ్ వాళ్లకు ఈ రెండు రోజులు జీతం కోయకూడదని ఏజెన్సీ ఒప్పందంలోనే రాయాలి.

అధికారుల వైపు నుంచి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. అందరూ సంక్రాంతి పక్కన కనుమనూ, దీపావళి పక్కన నరక చతుర్దశినీ రాసుకుంటారు, వారం వారం సెలవులు చేసుకుంటారు అని. రాసుకోనివ్వండి. జనవరిలోనే తెలిస్తే ఎవరు ఎప్పుడు ఉండరో ముందే ప్లాన్ చేసుకోవచ్చు, ఇప్పుడు ముందు రోజు సాయంత్రం తేలేదానికంటే అది మేలు. ఒకే రోజు మరీ ఎక్కువమంది రాస్తే సెక్షన్‌కు ఇంతమంది అని పరిమితి పెట్టి, మిగతావాళ్లకు బదులు రోజు ఇవ్వొచ్చు. ఇంతకుముందు చెప్పినట్టు ఆ ఇబ్బంది వచ్చేది సంఖ్యలో ఎక్కువ ఉన్న మాతోనే, ఆఫీసుకు ఒకరిద్దరుగా ఉన్నవాళ్లతో కాదు.

ఇంకొకటి, మతాన్ని ఆఫీసులోకి ఎందుకు తెస్తారు అనేవాళ్లు. ఆయుధపూజ నాడు ఆఫీసు జీపుకు నిమ్మకాయలు కట్టి, బీరువాకు పసుపు రాసి, కంప్యూటర్‌కు బొట్టు పెట్టే ఆఫీసుల్లోనే ఈ మాట ఎక్కువ వింటాను.

పీఆర్సీ వచ్చిన ప్రతిసారీ సంఘాల డిమాండ్ల పత్రాల్లో డీఏ, హెచ్ఆర్ఏ, హెల్త్ కార్డులు అన్నీ పేజీలకు పేజీలు ఉంటాయి. నాకు తెలిసిన ఏ పత్రంలోనూ దీని గురించి ఒక్క వాక్యం కనపడలేదు, అడిగితే 'ముందు పెద్దవి తేలనివ్వండి' అన్నారు. ఖర్చు దాదాపు లేని డిమాండ్ ఇదొక్కటే కాబట్టి ముందు తేలాల్సింది ఇదేనని నా వాదన. మా పెన్షనర్ల సంఘం తరఫున రెండు రాష్ట్రాల ఉద్యోగ సంఘాల నాయకులకు ఈ విషయమే ఉత్తరాలు రాస్తున్నాం. మీ పాఠకుల్లో సర్వీసులో ఉన్నవాళ్లు ఐచ్ఛిక సెలవు అడిగినప్పుడు ఏం జరిగిందో మీకు రాస్తే, పేర్లూ ఆఫీసులూ లేకుండానే, దయచేసి అచ్చు వేయండి. అవి జతచేసి సాధారణ పరిపాలన శాఖకు పంపుతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్,
ఖమ్మం.